తొరోంగ్ లా దాటడానికి ఎన్ని రోజులు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కూలిన చెట్లు, ఎగిరిపోయిన రేకులు, రోజుల తరబడి కరెంటు లేని రాత్రులు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ అందరికీ గుర్తే. తీరం దాటాక తుపాను బలహీనపడింది, వాయుగుండమైంది, ఆ తర్వాత అల్పపీడనమైంది. అది మోసుకెళ్తున్న తేమ మాత్రం అలాగే ఉంది. ఛత్తీస్‌గఢ్, తూర్పు ఉత్తరప్రదేశ్‌ల మీదుగా ఉత్తరానికి సాగి, పడమటి నుంచి వస్తున్న చల్లగాలుల ద్రోణితో కలిసి, అక్టోబరు 14న నేపాల్‌లో అన్నపూర్ణ, ధవళగిరి కొండల మీద మంచుగా కురిసింది. అన్నపూర్ణ సర్క్యూట్ దారిలో 5,416 మీటర్ల ఎత్తున ఉండే కనుమ తొరోంగ్ లా. ఆ తెల్లవారుజామున దాన్ని దాటడానికి దేశదేశాల ట్రెక్కర్లు, వాళ్ళ గైడ్లు, పోర్టర్లు బయల్దేరి ఉన్నారు. గంటల్లోనే నడుము లోతు మంచు పడింది. ముందు నడిచే మనిషి కనపడలేదు, దారి గుర్తులు కప్పబడిపోయాయి. ఆ మంచు తుపానులో, దాంతోపాటు విరిగిపడ్డ మంచుచరియల్లో కనీసం 43 మంది చనిపోయారు.

అక్టోబరు హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు ఎంతో మంచి నెల. వానలు వెనకబట్టి, ఆకాశం తేటపడి, శిఖరాలు దగ్గరగా కనిపిస్తాయి. అదే అక్టోబరు బంగాళాఖాతానికి తుపానుల కాలం కూడా. కోస్తాలో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ రెండో సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు; కానీ ఆ తుపానుకూ నేపాల్‌లో తమ నడకకూ సంబంధం ఉంటుందని చాలామందికి తట్టదు. 1995 నవంబరులోనూ బంగాళాఖాతంలో పుట్టిన తుపాను తర్వాతే ఎవరెస్ట్ దగ్గరి గోక్యో లోయలో భారీగా మంచు కురిసి, చరియలు విరిగి ట్రెక్కర్ల విడిదిని కప్పేశాయి. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో కనుమ దాటబోయేవాళ్ళు కొండ మీది ఆకాశం ఒక్కటే చూస్తే చాలదు. భారత వాతావరణ శాఖ తుపాను బులెటిన్లు కూడా రోజూ చూసుకోవాలి. సముద్రంలో వాయుగుండం ఉందంటే, తీరం దాటిన రెండు మూడు రోజుల దాకా కింద ఊళ్ళోనే ఆగాలి.

ఆగాలంటే చేతిలో రోజులుండాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ట్రెక్ ప్లాన్ అనగానే చాలామంది బూట్లు, స్లీపింగ్ బ్యాగు, ఖర్చు లెక్కలతో మొదలుపెడతారు. మొదట రాసుకోవాల్సింది వేరే ఉంది: ఏ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటారు, ఆ ఊరు ఎంత ఎత్తులో ఉంది, మధ్యలో ఏ పనీ పెట్టుకోని రోజులు ఎన్ని. బూట్లు కాఠ్మాండూలోనైనా దొరుకుతాయి. ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడటానికి పట్టే కాలాన్ని మాత్రం ఏ అంగట్లోనూ కొనలేం.

ఎత్తుకు పోతే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని ఒక అపోహ ఉంది. విశాఖ బీచ్‌లోనైనా, తొరోంగ్ లా మీదైనా గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమే. తగ్గేది వాయుపీడనం. పరుపులు ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్నది అణిగి గట్టిపడుతుంది, పైనున్నది గుల్లగా ఉంటుంది. గాలి పొరలూ అంతే. సముద్రమట్టం దగ్గర 760 మిల్లీమీటర్ల పాదరసం ఉండే పీడనం, కనుమకు వెళ్ళే దారిలో 3,540 మీటర్ల ఎత్తులోని మనాంగ్ ఊళ్ళో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. కనుమ మీదికి చేరేసరికి సగానికి కాస్త పైన ఉంటుంది. అంటే అక్కడ గుండెలనిండా పీల్చిన ఊపిరిలో ఇక్కడి ఊపిరితో పోలిస్తే ఆక్సిజన్ అణువులు సుమారు సగమే.

ఆ లోటు ఎంత ప్రమాదకరమో 1875లో జెనిత్ అనే బెలూన్ చూపించింది. ముగ్గురు ఫ్రెంచివాళ్ళు అందులో 8,000 మీటర్లు దాటి పైకి వెళ్ళారు. ఆక్సిజన్ నింపిన సంచులు పక్కనే వేలాడుతున్నాయి. గొట్టం నోటికి అందుకోవాలన్న తెలివి, చెయ్యెత్తే సత్తువ రెండూ పోయి క్రోచే-స్పినెల్లి, సివెల్ ఇద్దరూ చనిపోయారు. బతికి బయటపడ్డవాడు టిసాండియే ఒక్కడే. ట్రెక్కర్లు వెళ్ళే ఎత్తు అంత ఉండదు. అయినా ఆక్సిజన్ తగ్గినప్పుడు మనిషి ముందుగా పోగొట్టుకునేవాటిలో వివేచన ఒకటి, పోతున్నట్టు అతనికే తెలియదు. నిర్ణయాలు కిందున్నప్పుడే తీసుకుని కాగితం మీద పెట్టుకోవడం అందుకే.

లోటును పూడ్చుకోవడానికి ఒళ్ళు చేసే ప్రయత్నం ఊపిరితో మొదలవుతుంది. మెడలో కరోటిడ్ ధమని చీలే చోట ఉండే చిన్న కణజాలం రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టి, శ్వాస వేగం పెంచమని మెదడుకు కబురు పెడుతుంది. వేగంగా ఊపిరి తీస్తే ఆక్సిజన్ ఎక్కువ వస్తుంది, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది. అప్పుడు రక్తంలో ఆమ్లగుణం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. అది చూసి మెదడు ‘ఇక చాలు’ అని శ్వాసకు కళ్ళెం వేస్తుంది. ఆక్సిజన్ కావాలని ఒక వ్యవస్థ, వద్దని ఇంకో వ్యవస్థ లాగుతున్న ఈ పెనుగులాటను తీర్చేవి మూత్రపిండాలు. అవి బైకార్బనేట్‌ను మూత్రంతో బయటికి పంపి రక్తాన్ని సరిదిద్దుతాయి. ఆ పనికి వాటికి రోజులు పడుతుంది. ఎత్తుకు వెళ్ళిన మొదటి రోజుల్లో మాటిమాటికీ మూత్రం రావడం మంచి లక్షణమే అని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఎముక మజ్జలో కొత్త ఎర్ర రక్తకణాలు తయారై సంఖ్య పెరగడానికి వారాలే పడుతుంది. పదిహేను రోజుల ట్రెక్‌లో దాని సాయం కొద్దిగానే అందుతుంది.

ఈ పెనుగులాటను చెవులతో వినవచ్చు. కనుమకు ఈవలి వైపు చివరి మజిలీ తొరోంగ్ ఫేదీ, దాదాపు 4,450 మీటర్లు. అక్కడి లాడ్జీ గదుల మధ్య గోడలు పల్చన. రాత్రి పక్క మంచం మీద పడుకున్నవాళ్ళ శ్వాస మెల్లగా మొదలై, వేగం పెరిగి, మళ్ళీ సన్నగిల్లి, ఆగిపోతుంది. పది, పదిహేను సెకన్లు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత ఒక్కసారి ఎగశ్వాస, మళ్ళీ అదే వరుస. మొదటిసారి విన్నవాళ్ళు హడలిపోయి లేపి కూర్చోబెడతారు. కార్బన్ డయాక్సైడ్ తగ్గి కళ్ళెం పడ్డప్పుడు శ్వాస ఆగుతుంది, ఆక్సిజన్ మరీ తగ్గినప్పుడు కళ్ళెం వదులై మళ్ళీ మొదలవుతుంది. నిద్ర చెడుతుంది గానీ అది జబ్బు కాదు. ఎత్తు వల్ల వచ్చే పర్వత అస్వస్థతను కొలవడానికి వైద్యులు వాడే లేక్ లూయిస్ స్కోరులో ఒకప్పుడు నిద్రలేమి కూడా ఉండేది. 2018లో దాన్ని తీసేశారు. ఇప్పుడు చూసేవి నాలుగు: తలనొప్పి, వికారం లేదా వాంతులు, నీరసం, తలతిరుగుడు. తలనొప్పి తప్పకుండా ఉండి, మొత్తం స్కోరు మూడో అంతకు మించో ఉంటే పర్వత అస్వస్థత కింద లెక్క.

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. దాన్ని కొండకు తీసుకెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అప్పట్లో 94 కన్నా తగ్గితే ఆస్పత్రికి పరుగెత్తాం. తొరోంగ్ ఫేదీలో కులాసాగా టీ తాగుతున్న మనిషి వేలికి పెట్టినా 80కి, 85కి మధ్య చూపించవచ్చు. వేళ్ళు చల్లబడితే అంకె ఇంకా తప్పుతుంది. అంకె బాగుందని తలనొప్పిని తోసిపుచ్చడం, అంకె తక్కువుందని బాగున్నవాణ్ణి భయపెట్టడం రెండూ తప్పే.

తొందరపడితే ఏమవుతుందో లెక్కలతో తేల్చినవాళ్ళలో మన సైనిక వైద్యులు ముందున్నారు. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి జవాన్లను ఉన్నట్టుండి హిమాలయాల పైకి తరలించాల్సి వచ్చింది. ఎత్తుతో జబ్బుపడ్డ 1,925 మంది సైనికుల వివరాలతో ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో నేటికీ చదువుతారు. ఆ సైనికులు ఆరోగ్యపరీక్షలు నెగ్గి, కవాతు చేసి రాటుదేలిన యువకులు. 1976లో వెలువడిన అధ్యయనంలో పీటర్ హ్యాకెట్, డ్రమండ్ రెనీ ఎవరెస్ట్ దారిలో 4,243 మీటర్ల ఎత్తున్న ఫెరిచేలో 278 మంది ట్రెక్కర్లను పరిశీలిస్తే సగానికి పైగా, 53 శాతం మందిలో పర్వత అస్వస్థత కనిపించింది. విమానంలో లుక్లా దిగి నడిచినవాళ్ళలో అది ఎక్కువ. కింది లోయల నుంచి నడుచుకుంటూ వచ్చినవాళ్ళలో తక్కువ.

ఇంకో పరిశీలన మన యాత్రికులకు మరీ దగ్గరిది. నేపాల్‌లో గోసాయికుండ అనే పవిత్ర సరస్సు 4,300 మీటర్లకు పైన ఉంది. జంధ్యాల పౌర్ణమికి వేలమంది అక్కడికి వెళ్ళి స్నానం చేస్తారు. చాలామంది రెండు రోజుల్లోనే ఎక్కేస్తారు. నేపాలీ వైద్యుడు బుద్ధ బస్న్యాత్ బృందం అక్కడ 228 మంది యాత్రికులను పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించింది: 68 శాతం మందిలో పర్వత అస్వస్థత, 31 శాతం మందిలో మెదడు వాపు లక్షణాలు. తలనొప్పి వచ్చినా దేవుడి దగ్గరికి వచ్చి మధ్యలో దిగిపోతామా అన్న పట్టుదలే భక్తులకు ముప్పు తెస్తుంది. కైలాస పరిక్రమలో 5,600 మీటర్లు దాటే డోల్మా లా మీదికి వెళ్ళే తెలుగువాళ్ళలో యాభై దాటినవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళను పంపే పిల్లలు టూర్ ప్యాకేజీలో హోటళ్ళకన్నా ముందు రాత్రి మజిలీల ఎత్తులు అడగాలి.

ఇక లెక్క. వైల్డర్‌నెస్ మెడికల్ సొసైటీ సూచన ప్రకారం 3,000 మీటర్లు దాటాక ఏ రాత్రయినా పడుకునే ఎత్తు ముందు రాత్రికన్నా 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి గడపాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నదానికన్నా రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం, ఎందుకంటే నిద్రలో శ్వాస మందగించి ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. ఈ సూత్రాన్ని అన్నపూర్ణ దారికి పెట్టి చూస్తే చామే 2,670 మీటర్లు, ఎగువ పిసాంగ్ 3,300, మనాంగ్ 3,540. పిసాంగ్ నుంచి పై దారిన ఘ్యారు, న్గావల్ ఊళ్ళ మీదుగా నడిస్తే పగలు 3,700 మీటర్ల దాకా ఎక్కి రాత్రికి మనాంగ్‌లో దిగుతారు. కింది దారికన్నా కష్టం, ఒంటికి మాత్రం ఎంతో మేలు. మనాంగ్‌లో కనీసం ఒక రోజు ఆగి, పక్కనున్న గట్లు ఎక్కి దిగి, మళ్ళీ అక్కడే పడుకోవాలి. తర్వాత యాక్ ఖర్కా 4,050, ఆ పై తొరోంగ్ ఫేదీ. అక్కడి నుంచి తెల్లవారక ముందే లేచి కనుమ దాటడం.

ఈ పట్టికను చెడగొట్టేవి రెండున్నాయి. ఒకటి రోడ్డు. 760 మీటర్ల బేసిసహర్ నుంచి ఇప్పుడు జీపులు మనాంగ్ దాకా పోతున్నాయి. నాలుగైదు రోజుల నడక మిగిలిందని సంబరపడి, జీపు దిగిన మర్నాడే పైకి నడిచేవాళ్ళు ఉన్నారు. ఆ మిగిలిన రోజులే ఒంటికి కావలసిన రోజులు. జీపులో వచ్చినవాళ్ళు ఆ కాలాన్ని మనాంగ్‌లోనో, దానికి కింద పిసాంగ్‌లోనో గడిపి తీరాలి. రెండోది హై క్యాంప్. ఫేదీకి పైన 4,880 మీటర్ల దగ్గర ఇంకో లాడ్జీ ఉంది. అక్కడ పడుకుంటే కనుమ రోజు నడక తగ్గుతుందని ఆశ. యాక్ ఖర్కా నుంచి ఒకే రోజులో అక్కడికి పోతే పడక ఎత్తు 830 మీటర్లు పెరిగినట్టు. తలనొప్పి మొదలైతే నడిరాత్రి ఆ నిటారైన దారిన చీకట్లో దిగాలి.

అవతలి వైపు ముక్తినాథ్ ఉంది, దాదాపు 3,800 మీటర్లు. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటిగా కొలిచే క్షేత్రం కాబట్టి తెలుగు యాత్రికులు పోఖరా నుంచి జోమ్‌సోమ్ మీదుగా వాహనాల్లో వస్తుంటారు. కనుమ దాటి వచ్చినవాళ్ళకు ముక్తినాథ్ హాయిగా ఉంటుంది, పోఖరా నుంచి ఒక్క రోజులో వచ్చినవాళ్ళకు అదే ఊళ్ళో తల పగిలిపోతుంది. వాళ్ళు 2,720 మీటర్ల జోమ్‌సోమ్‌లో ముందు రాత్రి పడుకుని, దర్శనం అయ్యాక మళ్ళీ అక్కడికే దిగిపోతే సుఖం.

దేహదారుఢ్యం వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే కుర్రాడు ఎత్తులో ముందుగా పడిపోవడం గైడ్లందరూ చూసినదే. కాళ్ళలో బలముంది గనక ఒళ్ళు ఓర్చుకోగలిగిన దానికన్నా వేగంగా పైకి పోతాడు. ఇంటి దగ్గర సాధించగలిగింది కాళ్ళు, ఊపిరి బలమే. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తయిన కొండల్లో ఒకటైన అర్మకొండ కూడా 1,680 మీటర్లే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ భువనగిరి గుట్ట మీద బండరాళ్ళు ఎక్కడం నేర్చుకున్నారు. ఎత్తు, చలి ఎలా ఉంటాయో తెలియడానికి వాళ్ళను డార్జిలింగ్, లడఖ్ తీసుకెళ్ళారు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు మంచి సాధనే. కానీ అక్కడ చాలామంది కాలినడకన ఎక్కి బస్సులో దిగుతారు. తొరోంగ్ లా నుంచి ముక్తినాథ్‌కు ఒకే రోజులో 1,600 మీటర్లు దిగాలి, మోకాళ్ళు అరిగేది అక్కడే. మెట్లు ఎక్కినన్ని సార్లు దిగడం కూడా సాధన చేసినవాళ్ళకు ఆ మధ్యాహ్నం తేలికవుతుంది.

మందుల సంగతికొస్తే అసిటజోలమైడ్, అంటే డయామాక్స్, ఎత్తు జబ్బు లక్షణాలను దాచిపెట్టే మందు కాదు. బైకార్బనేట్‌ను బయటికి పంపే మూత్రపిండాల పనినే అది తొందరపెడుతుంది. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. సల్ఫా మందులు పడనివాళ్ళు, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. నిద్రమాత్రలు, మద్యం శ్వాసను ఇంకా మందగింపజేస్తాయి కాబట్టి ఎత్తులో రెండూ వద్దు.

ప్రాణం తీసేవి రెండు జబ్బులు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు వస్తుంది, ముదిరితే గులాబిరంగు నురగ పడుతుంది. మెదడు వాస్తే మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబిస్తాడు. పరీక్ష చాలా సులువు. నేల మీద గీత గీసి, ఒక కాలి మడమ రెండో కాలి బొటనవేలికి తగిలేలా అడుగులో అడుగు వేస్తూ నడవమనాలి. నడవలేక పక్కకు ఒరిగితే ఆ క్షణమే కిందికి దించాలి. తెల్లవారనిద్దాం, హెలికాప్టర్ రానిద్దాం అని కూర్చోకూడదు. మబ్బులో, చీకట్లో హెలికాప్టర్ రాదు. డెక్సామెథాసోన్, నిఫెడిపిన్ వంటి మందులు, గాలి కొట్టి లోపల పీడనం పెంచే గామోవ్ బ్యాగు కాస్త వ్యవధి ఇస్తాయి. అసలు చికిత్స దిగడమే. 1973లో ఏర్పడ్డ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ట్రెక్కింగ్ సీజన్లలో మనాంగ్‌లో, ఫెరిచేలో వైద్యులను ఉంచుతుంది. ఎత్తు జబ్బుల గురించి వాళ్ళిచ్చే ఉపన్యాసం వినడానికి మనాంగ్‌లో ఆగిన రోజున వెళ్ళిరావడం ఎంతో మేలు.

చలి లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పోఖరాలో 20 డిగ్రీలున్నప్పుడు కనుమ మీద సున్నాకు పది డిగ్రీల దిగువన ఉంటుంది. గాలి వీస్తే ఒంటికి ఇంకా తక్కువనిపిస్తుంది. పొద్దెక్కేకొద్దీ ఆ గాలి పెరుగుతుంది కాబట్టే నాలుగింటికే బయల్దేరతారు. అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున పెరిగి, మంచు మీద పడి తిరిగి కళ్ళలోకి కొడతాయి. ఏది మరిచినా నల్లకళ్ళద్దాలు మరవకూడదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో చదివి చూడాలి.

తిరుగు ప్రయాణం టికెట్ దగ్గర చాలా ప్లాన్లు బోల్తాపడతాయి. పన్నెండు రోజుల నడకకు పన్నెండు రోజుల సెలవే పెట్టి, పదమూడో రోజుకు హైదరాబాద్ విమానం బుక్ చేసుకున్నవాళ్ళకు తలనొప్పి వచ్చినా, మంచు పడినా ఆగే వీలుండదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్ళిన బృందం మంచుగాలిలో చిక్కుకుని తొమ్మిది మంది చనిపోయారు. ఎత్తులో వాతావరణం మారడానికి గంటలు చాలు. కనుమ ఉన్న ట్రెక్‌కు కనీసం రెండు ఖాళీ రోజులు కనుమకు ముందు ఉండాలి, చివర్లో పోఖరా సరస్సు ఒడ్డున కాదు. ఎవరికి ఏ లక్షణం కనిపిస్తే ఆగాలో, ఎవరు ఎవరితో దిగాలో, ఏ గంట దాటితే కనుమ వైపు నడక మొదలుపెట్టకూడదో బయల్దేరక ముందే బృందమంతా కూర్చుని తేల్చుకోవాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళ అడుగే బృందం అడుగు.

ఆ బృందంలో పోర్టర్లు కూడా ఉన్నారు. వాళ్ళందరూ ఎత్తులో పుట్టిన షెర్పాలని అనుకోకూడదు. టిబెటన్లకు, షెర్పాలకు తరతరాల పరిణామంలో ఈపాస్-1 వంటి జన్యువుల్లో మార్పులు వచ్చి పల్చటి గాలిలో బతకడం సులువైంది. బరువులు మోసే చాలామంది కింది కొండల్లో, మైదానాల్లో వ్యవసాయం చేసుకునే కుటుంబాలవాళ్ళు. వాళ్ళ ఊపిరితిత్తులు మన ఊపిరితిత్తుల్లాంటివే. పని పోతుందని, కూలి కోస్తారని తలనొప్పిని దాచుకుంటారు. 2014లో తొరోంగ్ లా మంచులో పోయినవాళ్ళలో నేపాలీ గైడ్లు, పోర్టర్లూ ఉన్నారు. 1997లో మొదలైన ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్ అడిగేవి న్యాయమైన కోరికలు: ఎత్తుకు తగ్గ బట్టలు, బూట్లు, రాత్రికి కప్పు, ట్రెక్కర్లకు అందే వైద్యమే వాళ్ళకూ అందాలి, జబ్బుపడ్డ పోర్టరును ఒంటరిగా కిందికి పంపకూడదు. ఏజెన్సీతో బేరం మాట్లాడేటప్పుడే పోర్టరుకు బీమా ఉందా, చలికోటు ఉందా అని అడగాలి. రోజూ సాయంత్రం బృందంలో ఒకరినొకరు పలకరించుకున్నట్టే అతన్నీ తలనొప్పి ఉందా, అన్నం తిన్నావా అని అడగాలి. ఉందంటే అతని భాష తెలిసిన మనిషిని తోడిచ్చి, పూర్తి కూలి చేతిలో పెట్టి, కిందికి పంపాలి. ఖాళీ రోజుల లెక్క వేసేటప్పుడు అతని కోసం కూడా ఒకటి కలపాలి.